హంస ఎదుట దమయంతి: రవివర్మ చిత్రంలో విధి, వరణం, వస్త్రం

రాజా రవివర్మ (1848–1906) 1899లో చిత్రించిన ‘హంస – దమయంతి’ తెలుగువారికి రెండు దారుల్లో పరిచయమైంది. పాత ఇళ్ళ గోడలమీద వేలాడిన రంగుల అచ్చు పటం ఒక దారి. శృంగారనైషధం పాఠం చెప్పేటప్పుడు మనం తరగతిలో ఉదాహరణగా చూపే బొమ్మ రెండో దారి. రెండు చోట్లా దాని గురించి చెప్పే మాట మాత్రం దాదాపు ఒకటే. హంస విధి పంపిన దూత, దమయంతి ఆ దూత మాటకు కరిగిపోయిన ముగ్ధ, నలుడితో పెళ్ళి ఆమె నొసట ముందే రాసిపెట్టి ఉంది. ఈ వ్యాఖ్యానం వినసొంపుగా ఉంటుంది. అయితే అది చిత్రాన్ని సరిగా చూసి చేసినది కాదు, కథను చివరిదాకా చదివి చేసినదీ కాదు. నలకథలో తన పెళ్ళిని తానే నిర్ణయించుకున్న స్త్రీ దమయంతి. ఆ నిర్ణయాన్ని విధి ఖాతాలో వేసినప్పుడు ఆమె చేసిన పని ఆమెది కాకుండా పోతుంది. చిత్రంలోని భావస్థితినీ ప్రతీకలనూ ఈ కోణం నుంచి మళ్ళీ పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

చిత్రంలో ఉన్నది, లేనిది

తిరువనంతపురంలోని శ్రీచిత్రా చిత్రశాల సేకరణకు చెందిన ఈ తైలవర్ణ చిత్రంలో ఉన్నవి కొద్ది వస్తువులే. ఉద్యానవనం, తామరకొలను, రాతి కట్టడం, దాని మీద నిలిచిన తెల్లని హంస, హంసకు ఎదురుగా బంగారు అంచు ఎర్రచీరలో దమయంతి. ఆమె చూపు హంస మీద నిలిచి ఉంది. స్త్రీకీ పక్షికీ నడుమ ఖాళీ జాగా ఉంది. చూసేవారి కన్ను ఆ జాగాలోనే అటూ ఇటూ తిరుగుతుంది.

లేనివాటిని కూడా లెక్కపెట్టాలి. నలుడు లేడు. చెలికత్తెలు లేరు. పరుగు లేదు. భారతకథలో హంసల గుంపు విదర్భ రాజోద్యానంలో దిగినప్పుడు దమయంతి, ఆమె చెలులు తలా ఒక హంసను పట్టబోతారు. దమయంతి వెంటపడిన హంస ఆమెను దూరంగా తీసుకుపోయి మనిషి భాషలో పలుకుతుంది. శ్రీహర్షుడి నైషధంలోనూ, దాన్ని తెనిగించిన శ్రీనాథుడిలోనూ ఈ పరుగుకు విస్తృతమైన వర్ణన ఉంది. చిత్రకారుడికి చలనం కావాలనుకుంటే ఇంతకంటే అనువైన ఘట్టం దొరకదు. రవివర్మ దాన్ని వదిలేసి, పరుగు ముగిశాక వచ్చిన నిశ్శబ్దాన్ని ఎంచుకున్నారు.

ఇది సరిగ్గా పూర్వరాగ ఘట్టం. పూర్వరాగం శ్రవణం వల్ల గాని దర్శనం వల్ల గాని కలుగుతుందని ఆలంకారికులు చెప్పారు. దర్శన సాధనాల్లో సాక్షాత్తుగా చూడడం, కలలో చూడడం, ఇంద్రజాలంతో పాటు చిత్రపటం కూడా ఉందని సాహిత్యదర్పణకారుడు పరిగణించాడు. దమయంతిది శ్రవణానురాగం. ఆమె నలుణ్ణి వింటోంది, చూడడం లేదు. చిత్రం ముందు నిలబడిన మనం ఆమెను చూస్తున్నాం, హంస మాట మాత్రం వినలేకపోతున్నాం. ఆమెకు అందినది మనకు అందదు, మనకు అందినది ఆమెకు అందదు. చిత్రంలోని భావస్థితికి మూలం ఇక్కడే ఉంది. కావ్యంలో హంస వాక్చాతుర్యమే రసపోషకం. చిత్రంలో ఆ వాక్కు లుప్తమై వినే మనిషి మాత్రమే మిగిలింది. కనుక ఇక్కడ భావం హంస చెప్పినదాని నుంచి పుట్టదు, దమయంతి వింటున్న తీరు నుంచి పుడుతుంది. అభిలాష, చింత అనే దశల మధ్య ఎక్కడో ఆమె ఉంది. సిగ్గుపడి తల వంచుకోవడం, గోళ్ళు గిల్లుకోవడం, పైట సర్దుకోవడం వంటి రంగస్థల చేష్టలకు ప్రాధాన్యం లేదు. చూసేవారికి ముందుగా తెలిసేది ఆమె శ్రద్ధగా వింటోందన్న విషయమే.

హంస సంగతి చూద్దాం. విధిదూత అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో గాని, కథలో దానికి ఆధారం బలహీనం. భారతకథలో నలుడు తన ఉద్యానంలో ఒక హంసను పట్టుకుంటాడు. చంపవద్దనీ, విడిచిపెడితే దమయంతి దగ్గర నీ గుణాలు చెప్పి ఆమె మనసు నీమీద నిలిచేలా చేస్తాననీ హంస మాట ఇస్తుంది. అంటే ఈ దౌత్యం ఒక పక్షి తన ప్రాణానికి చెల్లించిన వెల. నైషధంలో శ్రీహర్షుడు దీన్ని మార్చాడు. అక్కడ హంస బేరం పెట్టదు, విలపిస్తుంది. నలుడు జాలిపడి వదిలేస్తాడు. కృతజ్ఞతతో అదే తిరిగివచ్చి దౌత్యానికి పూనుకుంటుంది. ముసలి తల్లినీ ఇల్లాలినీ తలచుకుని హంస దుఃఖించే ఆ ఘట్టం శ్రీనాథుడి పద్యంగా తెలుగు విద్యార్థులందరికీ కంఠస్థమే. సంస్కృత మూలంలో ఆ విలాపం విధిని సంబోధించి నిందిస్తుందన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కరుణ నిన్ను అడ్డుకోలేదా అని విధిని నిలదీసిన పక్షిని మనం విధిదూతగా వ్యాఖ్యానిస్తున్నాం! ఈ హంస విధి చేతిలో చిక్కి, ఒక మనిషి దయవల్ల బయటపడినది. అది మోసుకొచ్చిన సందేశంలో విధి కంటే ఆ దయ పాలే ఎక్కువ.

తెలుగు కావ్యాల్లో వేరే రకం హంస కూడా ఉంది. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలోని శుచిముఖి నిజంగానే పంపబడిన దూత. వజ్రనాభుణ్ణి చంపించాలన్న ఇంద్రుడి ఎత్తుగడలో భాగంగా ఆమె ప్రభావతి దగ్గరికి వెళ్తుంది. అక్కడ ప్రేమ నిజమే అయినా దాని వెనుక వేరొకరి ప్రయోజనం ఉంది. పైగా ప్రభావతి మనసు హంస రాకముందే పార్వతి అనుగ్రహించిన చిత్రపటం మీద నిలిచి ఉంది. శుచిముఖిని చదివిన అలవాటుతో నలకథలోని హంసను చూడడం వల్ల కూడా ఈ పొరపాటు బలపడి ఉండవచ్చు.

బంగారం ఎక్కడికి పోయింది

భారతంలో నలుడు చూసిన హంసలు బంగారు అలంకారం కలవి. నైషధంలోని హంస స్వర్ణహంస. నలుడు మొదట దాని మీద మోజు పడడానికి కారణం కూడా ఆ బంగారు రంగే. రవివర్మ హంస తెల్లనిది. కవిసమయం ప్రకారం హంస తెలుపే కనుక ఇందులో విశేషం లేదని కొట్టేయవచ్చు. కథ తెలిసిన చిత్రకారుడు కథలోని రంగును మార్చినప్పుడు మాత్రం కాస్త ఆగి చూడాలి. చిత్రంలో బంగారం అసలు లేకుండా పోలేదు. అది పక్షి మీద నుంచి చీర అంచుకు మారింది. ఇది ఉద్దేశపూర్వకమని నిరూపించలేను. ఫలితం మాత్రం కళ్ళ ముందు ఉంది.

నలకథలో బంగారు రెక్కల పక్షులు రెండుసార్లు వస్తాయి. మొదటిసారి హంసలుగా వచ్చి పెళ్ళికి కారణమవుతాయి. రెండోసారి, పుష్కరుడితో జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు కట్టుబట్టలతో దమయంతి వెంట అడవిలో ఆకలితో ఉన్నప్పుడు వస్తాయి. ఆహారంగా పనికొస్తాయని వాటిమీద అతడు తన వస్త్రాన్ని వల లాగా విసురుతాడు. అవి ఆ వస్త్రాన్ని ఎత్తుకుని ఎగిరిపోతూ, మేము నీ పాచికలమే అని చెబుతాయి. ఆ తర్వాత దంపతులిద్దరికీ మిగిలింది దమయంతి ఒంటిమీది చీర ఒక్కటే. దాన్నే ఇద్దరూ చుట్టుకుని నడుస్తారు. ఒక సత్రంలో ఆమె నిద్రపోయాక, అక్కడ దొరికిన కత్తితో నలుడు ఆ చీరను సగానికి కోసి, సగం తాను కట్టుకుని ఆమెను విడిచివెళ్తాడు. మిగిలిన సగంతో దమయంతి అడవులు దాటి చేదిరాజు నగరం చేరుతుంది. పిచ్చిదనుకుని పిల్లలు ఆమె వెంట పడతారు.

ఈ క్రమాన్ని మనసులో పెట్టుకుని చిత్రానికి తిరిగివస్తే పక్షి, వస్త్రం అనే రెండు వస్తువులు ఎదురెదురుగా కనిపిస్తాయి. నలకథలో పెళ్ళిని కలిపినది పక్షి, విప్పినదీ పక్షే. దాంపత్యం నిలిచినది వస్త్రం మీద, తెగినదీ వస్త్రం దగ్గరే. చిత్రంలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధతో గీసిన వస్తువు ఆ చీర. (రవివర్మకు వస్త్రం మీద ఉన్నంత ప్రేమ పక్షి మీద ఉన్నట్లు తోచదు. హంసలో కొంత బిగుసుకున్నతనం ఉంది.) కుచ్చెళ్ళు, మడతలు, వెలుగు పడిన చోట ఎరుపు తేలికపడడం, అంచు మలుపులు — ఇవన్నీ ఆయన చేతికి బాగా అలవాటైనవే, ఆయన ఇతర నాయికల చీరలూ ఇలాగే ఉంటాయి. శకుంతల చీరకూ దమయంతి చీరకూ చిత్రణలో తేడా లేకపోవచ్చు. కథలో మాత్రం ఉంది. శకుంతల కథలో ఆనవాలు ఉంగరం. దమయంతి కథలో వస్త్రం.

ఇది చదివేవారి ఊహేనా, చిత్రకారుడికి ఈ స్ఫురణ ఉందా అన్న ప్రశ్న సహజం. రెండు ఆధారాలు చెప్పగలను. మొదటిది, బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గాయక్వాడ్ కోసం 1888 నుంచి 1890 వరకు రవివర్మ చిత్రించిన పౌరాణిక చిత్రాల్లో నలుడు నిద్రిస్తున్న దమయంతిని అడవిలో విడిచివెళ్ళే ఘట్టం ఉంది. అంటే ఆయన కుంచె పరిత్యాగాన్ని ముందు, హంసను పదేళ్ళ తర్వాత చిత్రించింది. 1899 నాటి దమయంతిని గీసేటప్పుడు ఆ చీరకు ఏం జరగబోతోందో ఆయన చేతికి తెలుసు. రెండోది, ఆయన పుట్టిపెరిగిన కేరళలో ఈ కథను ప్రజల్లో నిలిపినది ఉణ్ణాయి వారియర్ నలచరితం ఆట్టకథ. కథకళిలో నాలుగు రోజుల ప్రదర్శనగా సాగే ఆ రచన హంస రాయబారంతో ఆగదు. జూదం, వియోగం, పునస్సమాగమం వరకు వెళ్తుంది.

మన సంగతి కొంచెం వేరు. తెలుగులో దమయంతి అనగానే శ్రీనాథుడు గుర్తొస్తాడు. శృంగారనైషధం ఎనిమిది ఆశ్వాసాల్లో పెళ్ళితో, కొత్త దంపతుల సుఖంతో ముగుస్తుంది. జూదం కథ అందులో రాదు. కలి మాత్రం వస్తాడు. స్వయంవరం అయిపోయాక ఆలస్యంగా బయలుదేరి, నిషధలో కాలు నిలపడానికి అధర్మం దొరక్క, నలుడి ఉద్యానవనంలోని తాండ్రచెట్టును ఆశ్రయించి కాచుకుని ఉంటాడు. పూర్వం పాచికలుగా వాడినవి తాండ్రకాయలే అని గుర్తుంచుకుంటే ఆ చెట్టు ఎంపికలోని క్రౌర్యం తెలుస్తుంది. నన్నయ అరణ్యపర్వంలో బృహదశ్వుడు ధర్మరాజుకు చెప్పిన కథ పూర్తిగా ఉంది. చెప్పేవాడూ వినేవాడూ అడవిలో ఉన్నారు, వినేవాడు జూదంలో ఓడినవాడు. నైషధాన్ని చదివి చూస్తే ఈ చిత్రం శృంగారం. నన్నయను చదివి చూస్తే అదే చిత్రంలో ఆ ఎర్రచీర మీద కన్ను నిలిచిపోతుంది. చిత్రం కింద పద్యం లేదు కనుక ఏ దమయంతిని చూడాలో చూసేవారే నిర్ణయించుకోవాలి.

ఎరుపును గురించి ఒక మాట. ఎర్రచీర కనబడగానే పెళ్ళికూతురి రంగు అనేయడం ఇటీవల అలవాటైంది. అది ఉత్తరాది వివాహ దృశ్యాల ప్రభావం. మన మధుపర్కాలు తెల్లని బట్టకు ఎర్రని అంచు. కేరళలో వివాహ వస్త్రం బంగారు అంచు ఉన్న లేత తెలుపు. అక్కడి అనేక మరుమక్కత్తాయ కుటుంబాల్లో వరుడు వధువుకు వస్త్రం ఇవ్వడమే వివాహంలో ప్రధాన క్రియ. దాన్ని ‘పుడవకొడ’ అంటారు. వస్త్రం ఇవ్వడమే పెళ్ళి అయిన సమాజం నుంచి వచ్చిన చిత్రకారుడికి, వస్త్రం కోయడంతో విడిపోయిన జంట కథ మామూలు కథగా వినబడి ఉంటుందా? ఎరుపు ఇక్కడ పెళ్ళికి గుర్తు కాదు. పెళ్ళికి గుర్తు ఏదైనా ఉంటే అది రంగులో కాక బట్టలో ఉంది.

నీడ ఉన్న మనుషులు

రవివర్మ మీద వచ్చిన విమర్శల్లో బలమైనది ఆనంద కుమారస్వామిది. ఆ చిత్రాల్లో నాటకీయత ఎక్కువ, కల్పనాశక్తి తక్కువ, పురాణపాత్రలు సాధారణ మానవుల అచ్చులో పోసినట్లున్నాయి అన్నది ఆ విమర్శ సారం. దేవతా చిత్రాల విషయంలో ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసిపుచ్చలేం. రవివర్మ లక్ష్మీ సరస్వతులు పండగ రోజు ముస్తాబైన సంపన్న గృహిణుల్లాగే ఉంటారు. దమయంతి విషయంలో మాత్రం ఈ ఆక్షేపణ తిరగబడుతుందని నా వాదం.

స్వయంవరంలో ఏం జరిగిందో చూడండి. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుడి రూపంలోనే వచ్చి కూర్చున్నారు. ఐదుగురు నలుల్లో అసలువాణ్ణి దమయంతి ఎలా గుర్తుపట్టింది? దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో మాల వాడదు, ఒంటిమీద దుమ్ము ఉండదు, పాదాలు నేలను తాకవు. నలుడికి నీడ ఉంది, మాల వాడింది, దుమ్మూ చెమటా ఉన్నాయి, రెప్ప పడుతోంది, కాళ్ళు నేలమీద ఉన్నాయి. ఆమె ఎంచుకున్నది ఈ లక్షణాలున్నవాణ్ణి. స్వర్గాధిపతి పక్కనే ఉండగా వాడిపోయే మాల ఉన్నవాడి మెడలో ఆమె మాల వేసింది. కథలోని వివాహం మర్త్యత్వాన్ని తెలిసి కోరుకోవడం.

రవివర్మ నేర్చిన యూరోపియన్ తైలవర్ణ పద్ధతికి జీవం వెలుగునీడల్లో ఉంది. శరీరానికి బరువు ఇవ్వడం, ఒక పక్క వెలుగు పడితే మరో పక్క నీడ పడేలా చూడడం, నిలబడ్డ మనిషి నిజంగా నేలమీద నిలబడ్డట్లు చూపడం ఆ పద్ధతి చేసే పనులు. దేవతలను చిత్రించేటప్పుడు ఇది లోపమే కావచ్చు, ఎందుకంటే దేవతకు నీడ ఉండకూడదు. దమయంతిని చిత్రించేటప్పుడు అదే పద్ధతి కథకు అర్థం అయి కూర్చుంటుంది. ఆమె ఏ గుర్తులను చూసి భర్తను ఎంచుకోబోతోందో ఆ గుర్తులతోనే ఆమె మన ముందు నిలబడి ఉంది. సన్నని రేఖల్లో, నీడలేని రంగుల్లో ఇదే దమయంతిని గీసి ఉంటే సౌందర్యం పెరిగేదేమో గాని ఈ అర్థం వచ్చేది కాదు.

ఇప్పుడు విధి ఎక్కడి నుంచి ప్రవేశించిందో చూడాలి. పెళ్ళయి పన్నెండేళ్ళు కలి కాచుకుని ఉన్నాడు. ఒకనాడు నలుడు కాళ్ళు కడుక్కోకుండా సంధ్య వార్చడానికి కూర్చున్నాడు. ఆ అశౌచాన్ని పట్టుకుని కలి అతడిలో ప్రవేశించాడు. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద శిక్షా అని ఎం.ఏ. తరగతిలో విద్యార్థులు ప్రతి సంవత్సరం అడుగుతారు. ఆచారం ప్రాముఖ్యాన్ని చెప్పడానికని నేను కూడా చాలాకాలం సమాధానం చెప్పాను. ఇప్పుడు వేరేగా తోస్తోంది. దేవతలకు కాళ్ళు కడుక్కునే అవసరమే రాదు, వారి పాదాలు నేలను తాకవు కనుక. కలి ప్రవేశించిన చోటు నేలను తాకే పాదం. దమయంతి నలుణ్ణి మనిషిగా గుర్తుపట్టిన చోటు కూడా అదే. ఆమె ఏ గుణాన్ని ఎంచుకుందో విధి ఆ గుణంలోంచే లోపలికి వచ్చింది. కనుక ఈ కథలో విధి బయటి నుంచి వచ్చి దమయంతి మీద పడిన రాత కాదు. మర్త్యుణ్ణి కోరుకున్న మనిషి ఆ కోరికతోపాటు స్వీకరించిన ప్రమాదం అది. తాను ఎంచుకున్నవాడికి నీడ ఉందనీ, నీడ ఉన్నవాడు అలసిపోగలడనీ, తప్పు చేయగలడనీ, పారిపోగలడనీ ఆమెకు తెలియదనుకోవడానికి కారణం కనిపించదు.

తర్వాతి కథ కూడా దీన్నే బలపరుస్తుంది. విడిచివెళ్ళిన భర్త కోసం ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. ఇతణ్ణి ఈ స్థితికి తెచ్చినవాడు ఇంతకంటే ఎక్కువ బాధ అనుభవించాలని శపించింది, ఆ శాపంతో నలుడి ఒంట్లోనే కలి కాలిపోతూ ఉన్నాడు. పుట్టింటికి చేరాక బ్రాహ్మణులను నలుదిక్కులకూ పంపి వెతికించింది. రెండో స్వయంవరం అనే కల్పిత వార్తతో ఋతుపర్ణుణ్ణి, అతడి సారథిగా మారువేషంలో ఉన్న నలుణ్ణి రప్పించింది. మొదటి స్వయంవరంలో లాగే ఇక్కడా ఆనవాళ్ళు పట్టి భర్తను గుర్తించింది. పెళ్ళిని ఒకసారి ఎంచుకున్న స్త్రీ, అది తెగిపోయాక, తిరిగి దాన్ని తానే కూర్చుకుంది. ఇలాంటి మనిషిని హంస మాటకు పడిపోయిన ముగ్ధ అనడం ఎంతవరకు సబబు?

ఈ ఎరుకతో చూసినప్పుడు చిత్రంలోని నిశ్శబ్దం స్వభావం మారుతుంది. పూర్వరాగంలోని తీయని పారవశ్యం కాక, అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వబోయే ముందటి ఆలోచనగా అది కనిపిస్తుంది. నైషధంలో దమయంతి సిగ్గు అడ్డురాగా నలుడి పేరును శ్లేషలో దాచి తన సమ్మతి తెలిపిన సంగతి మనకు తెలిసిందే. ఆ శ్లేష పలకడానికి ముందు క్షణం చిత్రంలో ఉందనుకోవచ్చు. జవాబు ఏమిటో కథ చదివినవారికి తెలుసు, చిత్రంలోని మనిషి ఇంకా నిర్ణయించుకోలేదు. చూసేవారి జ్ఞానానికీ, చూడబడుతున్న మనిషి స్వేచ్ఛకూ మధ్య ఉన్న ఈ ఎడాన్నే మనం ‘విధి’ అని పొరబడుతున్నాం. జరిగిపోయిన కథను వెనక్కి తిరిగి చూసినప్పుడు ప్రతి అడుగూ రాసిపెట్టినట్లే ఉంటుంది. అడుగు వేసేటప్పుడు అలా ఉండదు.

గోడమీద పటం

రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం నెలకొల్పాక ఆయన చిత్రాలు రాజభవనాల నుంచి మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చాయి. తెలుగునాట కూడా ‘రవివర్మ పటం’ అంటే ఇంటి వస్తువుల్లో ఒకటి. ఆ పటాలు ఎలాంటి ఇళ్ళలోకి వచ్చాయో కొంచెం ఆలోచించాలి. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. గురజాడ కన్యాశుల్కం మొదట ప్రదర్శితమైనది 1892లో, అచ్చయినది 1897లో. హంస – దమయంతి చిత్రం వచ్చినది ఆ ముద్రణ తర్వాత రెండేళ్ళకు. వీటి మధ్య ప్రత్యక్ష సంబంధం ఉందని నేను అనడం లేదు. కాలం మాత్రం ఒకటే. పెళ్ళి ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న తెలుగు సమాజంలో రచ్చకెక్కిన రోజులవి. కన్యాశుల్కంలోని సుబ్బి వయసు పిల్లలను ముసలివాళ్ళకు ముడివేసి అది నుదుటి రాత అన్న రోజులు కూడా అవే.

అలాంటి ఇంట్లో గోడమీద ఒక యువతి, ఎవరూ పక్కన లేకుండా, తనకు కాబోయేవాడి గుణగణాలు తానే వింటూ నిలబడి ఉంది. తండ్రి భీమరాజు చిత్రంలో లేడు, పురోహితుడు లేడు, జాతకం లేదు. కింద కూర్చుని పటాన్ని చూసే చిన్న పిల్లకు తన పెళ్ళి కబురు ఎలా వచ్చిందో, వచ్చేముందు ఎవరు ఎవరితో మాట్లాడుకున్నారో తెలియదు. ఆ పిల్ల ఆ చిత్రాన్ని ఎలా చదువుకుందో చెప్పే రచన నా కంటబడలేదు. పెద్దలు దాన్ని ఎలా చదివి చెప్పారో మాత్రం తెలుసు. హంస విధిదూత, పెళ్ళి రాసిపెట్టి ఉంటుంది అన్న వ్యాఖ్యానం పుట్టినది బహుశా ఇలాంటి ఇళ్ళలోనే. పటాన్ని గోడనుంచి తీయకుండానే దమయంతి చేసిన ఎంపికను దాని నుంచి తీసేయడానికి ఆ మాట సరిపోయింది. మన తరగతి గదుల్లోకి కూడా అది అక్కడి నుంచే వచ్చింది. శృంగారనైషధం హంసఘట్టం పాఠం చెప్పే రోజున ఈ చిత్రంతో పాటు అరణ్యపర్వంలోని స్వయంవర ఘట్టం, వస్త్రచ్ఛేద ఘట్టం కూడా చదివించడం నేను మూడేళ్ళుగా చేస్తున్నాను. అప్పటి నుంచి విద్యార్థులు హంసను గురించి అడగడం తగ్గింది, చీరను గురించి అడుగుతున్నారు.